మిగిలిపోయినవాళ్ళ భోజనం

డిసెంబరు 15, సోమవారం

వదిన ఫోన్ చేసింది. ఈ ఏడు కూడా పిల్లల భోజనం పెట్టాల్సిందేనట. తమ్ముడు లేడని వాడు మొదలుపెట్టిన పని ఆపేస్తామా అని అడిగింది. కాదంటే గంటసేపు మాట్లాడాలి. సరేనంటే రెండు నిమిషాల్లో అయిపోతుంది. సరేనన్నాను.

ఏడాది చివర సెలవులకి యూనివర్సిటీ హాస్టల్ మెస్ మూసేస్తారు. వేరే దేశాల నుంచి వచ్చి చదువుకునే పిల్లల్లో టికెట్టు కొనలేనివాళ్ళు గదుల్లోనే ఉండిపోతారు. రెండు వారాలు బ్రెడ్డూ నూడుల్సూ తిని గడిపేస్తారు. మా ఆయన అక్కడే ఫిజిక్స్ ల్యాబులో టెక్నీషియన్. తొమ్మిదేళ్ళ క్రితం అలాంటి ఇద్దరిని సైకిల్ స్టాండు దగ్గర చూసి ఇంటికి పట్టుకొచ్చారు. గుమ్మంలో నిలబడి కూర ఉందా అని నన్నడిగారు. ఉన్నదాన్ని నలుగురికి సర్దాను. మరుసటేడు ఏడుగురు. ఆ పై ఏడు పద్నాలుగు మంది. మిగిలిపోయినవాళ్ళ భోజనం అని పేరు పెట్టింది కూడా ఆయనే. వంట నాది, పేరు ఆయనది. మామూలే.

రెండేళ్ళు మంచం మీద ఉండి సెప్టెంబరు మూడున పోయారు. పన్నెండు రోజులకి నేను మళ్ళీ ఆఫీసుకి వెళ్ళాను. ఇంట్లో ఉండి మాత్రం ఏం చేస్తాను.

డిసెంబరు 16

ఏం లేదు.

డిసెంబరు 17

ఇంట్లో మంచి ప్లేట్లు పదకొండు. మొదట్లో పన్నెండు ఉండేవి. పన్నెండోది ఏమైందో ఆలోచిస్తూ సగం సాయంత్రం గడిచింది. మంచి కాలక్షేపం.

డిసెంబరు 19, శుక్రవారం

సెలవులకి ముందు ఆఖరి పనిరోజు. లిస్టు పంపాను.

నా పని ఇంటర్నేషనల్ స్టూడెంట్స్ ఆఫీసులో, కౌంటర్ దగ్గర. విదేశీ విద్యార్థులు పదిహేను రోజులకోసారి, నాలుగు గంటల్లోపు వచ్చి నా ముందు రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి. ఊళ్ళోనే ఉన్నారనడానికి అదే సాక్ష్యం. టర్ములో మూడు సంతకాలు తప్పితే పేరు లిస్టులోకి ఎక్కుతుంది. లిస్టులోకి ఎక్కితే వీసా లెటర్ ఆగిపోతుంది. నెల తిరక్కుండా సామాను సర్దుకుని దేశం వదలాలి. లిస్టు తయారుచేసేది నేనే.

ఈసారి లిస్టులో ఒక్క పేరే ఉంది. మనసులో నేను పొడుగుపిల్ల అనుకునే అమ్మాయి. మా కౌంటర్ మీద సంతకం పెట్టాలంటే మిగతావాళ్ళు మునివేళ్ళ మీద నిలబడతారు, ఈ పిల్ల నడుం వంచుతుంది.

మెయిల్ వెళ్ళిన ఇరవై నిమిషాలకి వచ్చింది. రెండు సంతకాలు తప్పాయి, ఒప్పుకుంటానంది. ఒకసారి జ్వరం, ఒకసారి ఫీల్డ్ వర్కుకి వేరే ఊరు. మూడోది మాత్రం తప్పలేదంది. సెప్టెంబరు పద్దెనిమిదిన తను వచ్చిందట. అప్పటికి అటెండరు రిజిస్టర్ తీసుకెళ్ళిపోయాడట. నేనే ఒక చీటీ మీద సంతకం పెట్టించుకుని, రేపు రిజిస్టర్‌లో అంటిస్తానని చెప్పానట.

గుర్తులేదన్నాను. అబద్ధం కాదు. ఆ నెలలో నాకేదీ గుర్తులేదు. అటెండరుకీ గుర్తులేదు, రోజూ పట్టుకెళ్ళే రిజిస్టరే కదా అన్నాడు.

డైరెక్టర్ గారు ఇద్దర్నీ గదిలోకి పిలిచారు. నాలుగు దాటేదాకా ఎందుకు రాలేదని ఆ పిల్లని అడిగారు. క్లాసు లేటయిందని చెప్పింది. చెబుతూ ఒకసారి నావైపు చూసి తల దించుకుంది. నన్నడిగారు, గట్టిగా చెప్పగలరా, వచ్చిందో రాలేదో. చెప్పలేనన్నాను. మంచివారే ఆయన, అరవలేదు. జనవరి ఐదు మధ్యాహ్నం పన్నెండులోపు అప్పీలు పెట్టుకోవచ్చు, కానీ ఆ రోజున రాసిన కాగితం ఏదో ఒకటి చూపించాలి, నోటిమాట చెల్లదు అన్నారు.

మేజా సొరుగులన్నీ కిందా మీదా చేశాను. చీటీ లేదు. ఎండిపోయిన రబ్బరు స్టాంపులు మూడు దొరికాయి.

ఇంటికొచ్చి అన్నం తిన్నాను. కూరలో ఉప్పు వెయ్యలేదని సగం తిన్నాక తెలిసింది. మిగతా సగం కూడా అలాగే తిన్నాను.

డిసెంబరు 20

హాస్టల్ వార్డెన్ సెలవుల్లో ఉండిపోయేవాళ్ళ పేర్లు వదినకి పంపింది. తొమ్మిదిమంది. వదిన అప్పుడే అందరికీ ఫోన్లు చేసి పిలిచేసింది. తనకి కాలు నిలవదు, నోరు అంతకన్నా నిలవదు. ఆ తొమ్మిదిమందిలో పొడుగుపిల్ల కూడా ఉంది.

దేశం నుంచి నేనే పంపించేస్తున్నాను, భోజనానికి నేనే పిలుస్తున్నాను.

డిసెంబరు 22, సోమవారం

వదినతో బజారు. వదిన మా ఆయనకి అక్క. అదే యూనివర్సిటీలో రికార్డ్స్ సెక్షన్‌లో పనిచేస్తుంది, నాకీ ఉద్యోగం చూపించిందీ తనే. ఆయన మంచంలో ఉన్న రెండేళ్ళూ ప్రతి ఆదివారం వచ్చేది. మిగతా ఆరు రోజులూ ఎలా ఉన్నాడని ఫోన్లో అడిగేది. బాగానే ఉన్నారు, నేను చూసుకుంటున్నాను అనేదాన్ని. అదొక అలవాటు మాట. ఎవరేం అడిగినా ముందు ఆ మాటే నోట్లోంచి వచ్చేది.

కోళ్ళకొట్టు దగ్గర వదిన బేరానికి ఒంటికాలి మీద లేచింది. తమ్ముడి పేరు చెప్పుకుని పెట్టే భోజనమయ్యా, నీకూ పుణ్యం అంది. కొట్టువాడు నావైపు చూసి నొచ్చుకుంటున్న మొహం పెట్టాడు. ఇలాంటి మొహాలు నాలుగు నెలల నుంచి చూస్తున్నాను. బదులుగా ఏ మొహం పెట్టాలో ఇప్పటికీ తెలీదు. సంచీ పట్టుకున్నాను.

డిసెంబరు 24

పొడుగుపిల్ల ఫోన్ చేసింది. నేను రావచ్చా మేడం, మీకు ఇబ్బందా అని అడిగింది. ఇబ్బంది ఏముంది, రమ్మన్నాను. ఒక గంట ముందే వచ్చి సాయం చేస్తానంది. ఫోన్ పెట్టేశాక నా గుండె కొట్టుకుంటుందేమోనని కాసేపు చూశాను. మామూలుగానే ఉంది.

డిసెంబరు 26

హాల్లోంచి ఆయన మంచం తీయించాలి, లేకపోతే అంతమంది కూర్చోవడానికి చోటు చాలదు. వదినా, పై వాటా ఆయనా ఆ కొసా ఈ కొసా పట్టుకుని వెనక గదిలోకి చేర్చారు. మంచం ఉన్నచోట నేల మీద నాలుగు మచ్చలు. వదిన ఆ మచ్చల దగ్గర కూలబడి ఏడ్చింది. నేను తడిగుడ్డ తెచ్చి తుడిచాను. పోలేదు.

నువ్వు గుండె రాయి చేసుకున్నావు, ఎంత ఓర్చుకున్నావో నాకు తెలుసు అని నన్ను కావలించుకుంది. మెచ్చుకోలుగానే అంది. ఊఁ కొట్టాను. నేనేమీ చేసుకోలేదు, అదే అలా అయింది. ఆ మాట తనతో ఎలా చెప్పను.

డిసెంబరు 28, ఆదివారం

అయింది.

పన్నెండింటికి రమ్మంటే పొడుగుపిల్ల పదింటికే వచ్చింది. ఉల్లిపాయలు తరిగింది, బంగాళాదుంపలు చెక్కు తీసింది. సింకు తనకి మరీ కిందకి ఉండి, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి గిన్నెలు కడిగింది. వదిన చూసి పడీ పడీ నవ్వింది. నీకు పిల్లనిచ్చేవాడు, కాదు, నిన్ను చేసుకునేవాడు నిచ్చెన తెచ్చుకోవాలంది. ఆ పిల్లకి నిచ్చెన అంటే ఏమిటో తెలీక, వదిన చేతులతో గాల్లో మెట్లెక్కి చూపించింది. ఇద్దరూ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. నేను పొయ్యి దగ్గర ఉన్నాను.

పన్నెండుకి మిగతావాళ్ళు. కళ్ళద్దాల అబ్బాయి. ఎప్పుడూ విడిపోని ఇద్దరు కుర్రాళ్ళు, ఆయన వాళ్ళకి జంటకవులని పేరు పెట్టారు. ఇంకో ఐదుగురు. ఒక్కొక్కళ్ళూ గుమ్మంలో చెప్పులు విడిచి, వరసగా పెట్టి, హాల్లోకి చూసి ఆగిపోయారు. పోయినేడు ఆ మూలే మంచం మీద నుంచి ఆయన వాళ్ళని పలకరించారు. ఇప్పుడు అక్కడ చాప. ఎవ్వరూ ఆ చాప మీద కూర్చోలేదు. ఇరుక్కుని ఇరుక్కుని ఇటువైపే కూర్చున్నారు. మంచం తీయించిన శ్రమ దండగ.

మనుషులు పదకొండు, ప్లేట్లు పదకొండు. సరిపోయాయి. అన్నం, కోడికూర, పప్పు, బంగాళాదుంపల వేపుడు, బేకరీ కేకు. పిల్లలు ఆవురావురుమంటూ తిన్నారు. వారం రోజులుగా వేడి అన్నం తినలేదట. నేను వడ్డించాను. వడ్డించేటప్పుడు బావుంటుంది, మాట్లాడక్కర్లేదు.

తిన్నాక వదిన, ఒక్కొక్కళ్ళు మా తమ్ముడి గురించి ఒక్క మాట చెప్పండి అంది. నాకు ముందే చెప్పలేదు. కళ్ళద్దాల అబ్బాయి, సార్ ల్యాబులోంచి హీటర్ తెచ్చి చలికాలమంతా నా గదిలో ఉంచారు, ఎవరికీ చెప్పకన్నారు అన్నాడు. వదిన ఏడ్చింది. జంటకవుల్లో ఒకడు, సార్‌కి మా భాషలో లెక్కపెట్టడం నేర్పాను, ఆరు తర్వాత ఎప్పుడూ ఎనిమిది అనేవారన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మొహం మీద చర్మం కదిలింది.

పొడుగుపిల్ల వంతు వచ్చింది. సార్ కంటే నాకు మేడం ఎక్కువ తెలుసు, మేడం చాలా అలిసిపోయి ఉంటారు అంది. అంతే చెప్పి కూర్చుంది.

అప్పుడు కళ్ళద్దాల అబ్బాయి నోరు జారాడు. ఈ అమ్మాయి వచ్చే ఏడు మనతో ఉండదు, లిస్టులో పేరొచ్చింది అన్నాడు. వదినకి అసలు విషయం తెలీదు. తోక తొక్కినట్టు లేచింది. ఇంత బంగారంలాంటి పిల్లని లిస్టులో వేసిన దద్దమ్మ ఎవరూ అని అడిగింది.

నేనే అన్నాను.

వదిన తేరుకుని, అది కాదర్రా, రూల్సు అలా ఉంటాయి, ఇది మాత్రం ఏం చేస్తుంది అని సర్దిచెప్పింది. కేకు కోయమంది. కోశాను. పదకొండు ముక్కలు సమానంగా కోయడం కష్టం.

వెళ్ళేటప్పుడు వంటింట్లో పొడుగుపిల్ల ఒక్కతే ఉంది. ఆ రోజు నిజంగా వచ్చావా అని అడిగాను. వచ్చాను మేడం అంది. నాకు గుర్తులేదు అన్నాను. పరవాలేదు మేడం అంది. ఈ ఇంట్లో ఇవాళ ఆ మాట అనాల్సింది నేను. తనే అంది. వాళ్ళమ్మ ఆ పిల్ల చదువుకోసం ఉన్న పొలం అమ్మేసిందని, డిగ్రీ లేకుండా తిరిగి వెళితే ఊళ్ళో మొహం చూపించలేనని తర్వాత వదినతో చెప్పిందట. నాతో చెప్పలేదు.

డిసెంబరు 29, సోమవారం

ఈ డైరీ ఆఫీసువాళ్ళు ఇచ్చింది. రోజుకో పేజీ, పైన తేదీ అచ్చువేసి ఉంటుంది. ఏడేళ్ళుగా ఏటా ఒకటి నింపుతున్నాను. రాసింది తిరగేసి చదివే అలవాటు లేదు. రాసేది చదువుకోవడానికి కాదు, పడేయడానికి.

ఇవాళ పొద్దున్న కాఫీ కాస్తూ ఉండగా గుర్తొచ్చింది. అప్పుడు కూడా రోజూ రాశాను కదా అని. పది రోజులుగా ఇంట్లో సొరుగులు కూడా వెతుకుతున్నాను, ఈ పుస్తకం నా దిండు పక్కనే ఉంది.

సెప్టెంబరు 18 పేజీ తీశాను. నా చేతిరాతే. ఇక్కడ ఎక్కిస్తున్నాను, ఒక్క మాట మార్చకుండా:

“మూడింటికి కౌంటర్లోనే బల్లమీద తలపెట్టి పడుకున్నాను. కళ్ళు తెరిచేసరికి నాలుగూ ఇరవై. ఎదురుగా బెంచీ మీద పొడుగుపిల్ల. నలభై నిమిషాలుగా కూర్చుందట, లేపలేదు. రిజిస్టర్ వెళ్ళిపోయింది. చీటీ మీద సంతకం పెట్టించాను, రేపు అంటించాలి. ఎంత హాయి నిద్రో. పదిహేను రోజులుగా నిద్రే నిద్ర. రెండేళ్ళు రోజూ అనుకున్నాను, పోతే బాగుండునని. ఆయన మూలిగినప్పుడల్లా అనుకున్నాను. పోయారు. నిద్రపోతున్నాను. ఏడుపు రావడం లేదు.”

కాఫీ పొంగి పొయ్యి మీద పడింది.

డిసెంబరు 29, సాయంత్రం

మళ్ళీ చదివాను. ఆ పిల్ల మూడూ నలభైకే వచ్చింది. టైములోనే వచ్చింది. నేను నిద్రపోతున్నాను కాబట్టి ఆలస్యమైంది. డైరెక్టర్ గారి ముందు క్లాసు లేటయిందని అబద్ధమాడింది. నా ఉద్యోగం కోసం.

నేనేమో గుర్తులేదన్నాను.

డిసెంబరు 30

పై వాటా ఆయన దగ్గర చిన్న కాపీ మిషను ఉంది. డైరీ పట్టుకెళ్ళి, పేజీ కింది సగం మీద తెల్లకాగితం పెట్టి కాపీ తీశాను. చీటీ మాట వరకు వచ్చింది, మిగతాది తెల్లగా. చూడ్డానికి ఏదో దాచినట్టే ఉంది. దాచాను కాబట్టి.

ఇంకోటి తీశాను. ఇంకోటి. నాలుగు కాపీలు. పై వాటా ఆయన కాఫీ తాగుతారా అని అడిగాడు.

డిసెంబరు 31

డైరీ ఆఖరి పేజీ. కొత్త డైరీలు సెలవులయ్యాక ఇస్తారు. వెనక మెమో అని ఆరు ఖాళీ పేజీలున్నాయి, అందులో రాస్తాను.

జనవరి 2, శుక్రవారం

డైరెక్టర్ గారికి ఫోన్ చేశాను. ఆ రోజున నేను రాసుకున్న పేజీ ఉందని చెప్పాను. మంచిదన్నారు. సగం పేజీ కాపీ చాలునా అని అడిగాను. చాలదన్నారు. పేజీ మొత్తం కనపడాలి, అసలు పుస్తకం కూడా అప్పీలు కమిటీ చూసేదాకా ఆఫీసులో ఉంచాలి. లేకపోతే ఎవరైనా తర్వాత రాసి పెట్టారంటారు. న్యాయమే.

అప్పీలు కాగితాలన్నీ రికార్డ్స్ సెక్షన్‌కి వెళతాయి. అక్కడ ప్రతి పేజీ స్కాన్ చేసి, అక్షరాలు సరిగ్గా పడ్డాయో లేదో ఒరిజినల్‌తో పోల్చి చదివి, ‘చదివి సరిచూశాను’ అని రాసి సంతకం పెట్టాలి. ఆ రూలు నాకు తెలుసు. ఆ సీటులో ఉన్నది వదిన. ఇరవై రెండేళ్ళుగా ఆ సంతకం తనదే. ఒక్క పంక్తి కూడా దాటెయ్యదని తనకి పేరు.

పేజీ ఇవ్వకపోతే పొడుగుపిల్ల వెళ్ళిపోతుంది. ఇస్తే ఆయన ఎప్పుడు పోతారా అని నేను రెండేళ్ళు ఎదురుచూశానని వాళ్ళ అక్క అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతుంది.

చేతులు చల్లగా ఉన్నాయి. అంతకుమించి ఏమీ అనిపించడం లేదు. అనిపిస్తే బాగుండును, ఏం చెయ్యాలో దాన్నిబట్టి తెలిసేది.

జనవరి 3

వదిన వచ్చింది. ఆరోజు కేకు తెచ్చిన పెట్టె ఉంచావా అని అడిగి, కాసేపు కూర్చుంది. తన ఫోన్లో భోజనం ఫొటోలు చూపించింది. ఒక్కదాంట్లో కూడా నేను లేను, అన్నిట్లోనూ నా చెయ్యో గరిటో ఉన్నాయి.

ఊళ్ళో అందరికీ చెబుతానంది. మా తమ్ముడి పెళ్ళాం రెండేళ్ళు మొహం చిట్లించకుండా చేసింది, నా కడుపున పుట్టినది అయినా అంత చెయ్యదు అని చెబుతుందట. నేను సోఫా కవరు సర్దాను. ఇప్పుడే చెప్పేస్తే అయిపోతుంది అనుకున్నాను. నోరు తెరిచాను. టీ పెట్టనా అన్నాను.

జనవరి 4, ఆదివారం

హాస్టల్‌కి వెళ్ళాను. తొమ్మిదేళ్ళలో ఇదే మొదటిసారి. పిల్లల్ని ఇంటికి పిలవడమే గానీ వాళ్ళ గది ఎలా ఉంటుందో చూడలేదు. మంచం పొడవు చాలక, ఆ పిల్ల కాళ్ళ వైపు ఒక కుర్చీ వేసి దాని మీద దిండు పెట్టుకుంది. నేల మీద పెట్టె తెరిచి ఉంది. సగం సర్దింది.

నేను నిద్రపోతున్నానని డైరెక్టర్ గారికి ఎందుకు చెప్పలేదని అడిగాను. గుర్తొచ్చిందా మేడం అంది. గుర్తు రాలేదు, రాసుకున్నది చదివానన్నాను. కాసేపు చీర మడత పెడుతున్నంత జాగ్రత్తగా ఒక తువ్వాలు మడతపెట్టింది. ఇంట్లో మనిషి పోయినవాళ్ళు నిద్రపోతుంటే లేపబుద్ధి కాలేదంది. లేపి ఉంటే ఈ గొడవే లేదు కదా అన్నాను. అవును మేడం, తప్పు నాదే అంది.

తప్పు నాదే అంది ఆ పిల్ల.

కుర్చీలో కూర్చున్నాను. అప్పుడు కోపం వచ్చింది. చాలా నెలల తర్వాత వచ్చిన మొదటిది అదే, అందుకని వెంటనే పోల్చుకోలేదు. ఆ పిల్ల మీద కాదు. పెట్టె ముయ్యి అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, పక్క గదిలోంచి ఎవరో తొంగిచూశారు.

జనవరి 5, సోమవారం, ఉదయం 11

డైరెక్టర్ గారి గది బయట బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. ఇంకో నిమిషంలో ఈ పుస్తకం నా దగ్గర ఉండదు. పేజీలో పెన్సిలుతో ఏ గీతా పెట్టలేదు, ఏ మాటా కొట్టెయ్యలేదు. పిలుస్తున్నారు.

జనవరి 5, సాయంత్రం

ఇది విడి కాగితం.

డైరెక్టర్ గారు పేజీ చదివారు. కింది సగం దగ్గర చదవడం నెమ్మదించింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. పై భాగం గురించి మాత్రమే మాట్లాడతానన్నారు. ఆ అమ్మాయి సంతకం లెక్కలోకి వస్తుంది, కమిటీ కాదనదనుకుంటాను అన్నారు. డ్యూటీలో నిద్రపోయినందుకు నాకు మెమో వస్తుంది, అది తప్పదు అన్నారు. తప్పొద్దన్నాను.

పుస్తకం కవర్లో పెట్టి సీలు వేశారు. కవరు మీద రికార్డ్స్ సెక్షన్ అని రాశారు. అటెండరు చంకలో పెట్టుకుని మెట్లు దిగాడు. ఈల వేసుకుంటూ దిగాడు.

జనవరి 6

రసీదు వచ్చింది. పేజీలు: ఒకటి. చదివి సరిచూశాను. కింద వదిన సంతకం. ఎప్పటిలాగే ఉంది, చివర్న ఆ పొడుగు గీత కూడా.

ఇవాళ ఫోన్ లేదు.

జనవరి 7

ఇవాళా లేదు. క్యాంటీన్‌లో దూరం నుంచి చూశాను. నన్ను చూసింది. ట్రే పట్టుకుని ఇంకో బల్ల వైపు వెళ్ళింది.

జనవరి 8, గురువారం

లిస్టు రద్దు. వీసా లెటర్ నేనే టైపు చేసి డైరెక్టర్ గారి సంతకానికి పంపాను. పొడుగుపిల్ల వచ్చి తీసుకుంది. కౌంటర్ మీదుగా వంగి నా రెండు చేతులూ పట్టుకుంది. వెనక లైనులో జంటకవులు చప్పట్లు కొట్టారు. నెక్స్ట్ అన్నాను.

నాకు మెమో కూడా అదే ట్రేలో వచ్చింది. రెండూ ఒకే ఫాంటు.

ఇంటికొచ్చి బట్టలు మార్చుకుంటూ ఏడ్చాను. జాకెట్టు హుక్కు చేత్తో పట్టుకునే ఏడ్చాను. ఎందుకన్నది విడదీసి చెప్పలేను. ఆయన కోసం కొంత ఉంది. వదిన కోసం ఎక్కువ ఉంది.

జనవరి 10, శనివారం, మధ్యాహ్నం 2

వదిన వచ్చింది. చెప్పులు విడిచి, లోపలికొచ్చి, ఆయన మంచం ఉన్నచోట చాప మీద కూర్చుంది. మొదటిసారి అలా అనిపించింది ఎప్పుడు అని అడిగింది. మొదటేడు మార్చిలో, ఒక మంగళవారం అని చెప్పాను. ఆ మంగళవారం నేను ఈ ఊళ్ళోనే ఉన్నాను, రెండు వీధుల అవతల అంది. తర్వాత కూడా ఎక్కడికీ పోలేదు అంది.

రెండేళ్ళలో ఒక్కసారైనా నన్ను పిలవలేదేం అని అడిగింది.

బాగానే ఉన్నాను, చూసుకుంటున్నాను అనే మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఒక్క నిమిషం అని లేచి ఈ కాగితం తెచ్చుకున్నాను. రాస్తుంటే చూస్తోంది. ఏం రాస్తున్నావని అడగడం లేదు. జవాబు కోసం కూర్చునే ఉంది.

పెన్ను మూసేస్తున్నాను.